లెక్క వేసి కాస్తే అది జూదం కాదా?



ధమ్మం గురించిన ఈ చిన్న పుస్తకంలో గుర్రపు పందాల మాట ఎందుకొచ్చిందని మీకు అనిపించొచ్చు. మన బస్తీల్లో, మన కాలనీల్లో, మన పిల్లలే ఈ ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి వచ్చింది. అడిగేవాళ్లు చదువురాని వాళ్లు కూడా కాదు. డిగ్రీ చేసినవాళ్లు, కంప్యూటర్ తెలిసినవాళ్లు, త్రిశరణాలు తీసుకున్న ఇంట్లో పెరిగినవాళ్లు. వాళ్ల వాదన ఇలా ఉంటుంది:

"అన్నా, నేను గుడ్డిగా కాయట్లేదు. ముహూర్తం చూడను, కలలో వచ్చిన నంబర్ వేయను, దేవుడికి మొక్కను. గుర్రం గత పరుగులు చూస్తా, జాకీ ఎవరో, ట్రైనర్ ఎవరో చూస్తా, బరువు చూస్తా, లెక్కేస్తా. బుద్ధుడు కూడా ఎవరో చెప్పారని నమ్మొద్దు, పరీక్షించుకో అన్నాడు కదా. మరి నేను చేసేది పరీక్షే. ఇది జూదమెట్లా అవుతుంది?"

ఈ వాదనను నవ్వి తోసేయకూడదు. "జూదం పాపం, మానెయ్" అని గదమాయిస్తే పిల్లాడు ఇంట్లో చెప్పడం మానేస్తాడు, కాయడం మానడు. పైగా అతని మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నెమ్మదిగా చూద్దాం రండి.

ఫామ్ అంటే ఏంటి?

హైదరాబాద్‌లో గుర్రపు పందాలు మొదట మౌలాలీలో జరిగేవి. 1886లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించారు. రాజులు, దొరలు, సైనికాధికారుల వినోదంగా మొదలైన ఆట అది. ఇవాళ అక్కడ కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లలో ఆటో నడిపేవాళ్లు, చిన్న జీతగాళ్లు, రిటైరైన గుమాస్తాలు కూడా ఉంటారు. చేతిలో రేస్ బుక్, చెవి మీద పెన్ను.

ఆ రేస్ బుక్‌లో ప్రతి గుర్రానికీ ఒక చరిత్ర ఉంటుంది. గత పరుగుల్లో ఎన్నో స్థానంలో వచ్చింది, ఎంత దూరం పరిగెత్తింది, ఎంత బరువు మోసింది, ఎవరు తోలారు, ఎవరు తయారుచేశారు, తల్లీతండ్రీ ఏ గుర్రాలు. దీన్నే ఫామ్ అంటారు. ఇది జాతకం లాంటిది కాదు. గత నెలలో 1200 మీటర్లు బాగా పరిగెత్తిన గుర్రానికి ఈ నెల కూడా బాగా పరిగెత్తే అవకాశం ఎక్కువే. ఇక్కడ కారణానికీ ఫలితానికీ నిజమైన సంబంధం ఉంది. గ్రహాలకూ గుర్రానికీ ఉన్నట్టు లేని సంబంధం కాదు. అంతవరకు మన కుర్రాడు చెప్పింది సరే.

కానీ మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది హ్యాండికాప్. చాలా పందాల్లో బాగా పరిగెత్తే గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారు, బలహీనమైన దాని మీద తక్కువ వేస్తారు. జీను కింద సీసం పెట్టి మరీ తూకం సరిచేస్తారు. ఎందుకు? అన్ని గుర్రాలకూ గెలుపు అవకాశం వీలైనంత సమానం కావాలని. అంటే మీరు రాత్రంతా కూర్చుని ఏ ఫామ్ చదివారో, అదే ఫామ్ చదివిన అధికారి దాని ప్రభావాన్ని ముందే తగ్గించి పెట్టాడు.

రెండోది చిన్న లెక్కల మోసం. "ఈ జాకీ, ఈ ట్రైనర్ గుర్రం మీద, ఈ దూరంలో ఐదు పరుగుల్లో మూడు గెలిచాడు" అని ఒకరు చూపిస్తారు. గొప్పగానే ఉంటుంది. లెక్క చూడండి. మామూలుగా ఐదింట ఒక్కటి గెలిచే జాకీకైనా, ఐదు పరుగుల్లో మూడో అంతకంటే ఎక్కువో గెలుపులు కేవలం కాకతాళీయంగా వందకి ఆరు సార్లు దాకా పడతాయి. రేస్ బుక్‌లో ఇలాంటి జాకీ-ట్రైనర్-దూరం కలయికలు వందల కొద్దీ తీయొచ్చు. వందల్లో వెతికితే అలాంటివి పదో పాతికో దొరక్కుండా ఉంటాయా? దొరికినదాన్ని "ట్రెండ్" అంటాం. దొరకని వందల సంగతి మర్చిపోతాం.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. మంచి గుర్రం వేరు, మంచి పందెం వేరు. ఒక గుర్రం రెండుసార్లకు ఒకసారి గెలుస్తుందనుకోండి. మీ లెక్క నూటికి నూరు పాళ్లు కరెక్టే. కానీ అందరూ దాని మీదే కాశారు కాబట్టి పది రూపాయలకు పదహారే ఇస్తున్నారు. రెండుసార్లు కాస్తే ఇరవై పెట్టి పదహారు తెచ్చుకుంటారు. గుర్రాన్ని సరిగ్గా అంచనా వేశారు, డబ్బు మాత్రం పోగొట్టుకున్నారు. ఎందుకంటే మీ పోటీ గుర్రంతో కాదు, అదే పుస్తకం చదివిన మిగతా జనంతో.

డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

టోట్ పద్ధతిలో అందరి పందెం డబ్బూ ఒక కుప్పలో పడుతుంది. అందులోంచి నిర్వాహకుల వాటా, పన్ను తీసేసి, మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. ఈ పద్ధతి 1860లలో ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఒల్లే మొదలుపెట్టింది, తర్వాత లోకమంతా పాకింది.

ఉదాహరణకి వందమంది తలా వంద వేశారు, పదివేలు. కోత ఇరవై శాతం అనుకుందాం. ఎనిమిది వేలు మిగిలింది. ఆ ఎనిమిది వేలూ తర్వాతి రేసులో పెట్టారు, 6,400 అయింది. ఇట్లా ఐదు రేసులు అయ్యేసరికి ఆ వందమంది దగ్గరా కలిపి 3,277 రూపాయలే మిగులుతాయి. ఎవడు తెలివైనవాడు, ఎవడు అమాయకుడు అన్న దానితో పనిలేదు. గుంపు మొత్తంగా సాయంత్రానికి మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. మనదేశంలో 2023 అక్టోబర్ 1 నుంచి పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతానికి పెరిగింది. ఇది గెలుపు మీద కాదు, పెట్టిన పందెం మీద పన్ను. లెక్కలు తెలిసినవాడు మొదట వేయాల్సిన లెక్క ఇది. చిత్రంగా, ఈ లెక్కనే చాలామంది వేయరు.

"ఫేవరెట్ మీదే కాస్తా, నష్టం ఉండదు" అంటారు కొందరు. చాలా దేశాల అనుభవం చూస్తే ఫేవరెట్ సుమారు మూడింట ఒక రేసు గెలుస్తుంది. అంటే మూడింట రెండు ఓడుతుంది. సీజన్‌లో రెండొందల పందాలు కాసేవాడికి వరుసగా పది ఓటములు తగలడం వింతేమీ కాదు. ఓడినప్పుడల్లా రెట్టింపు కాసే అలవాటుంటే, వందతో మొదలుపెట్టినవాడు పదో పందెంలో 51,200 పెట్టాలి. అప్పటికి మొత్తం పెట్టింది 1,02,300. ఇంకో పందానికి ఇంకో 1,02,400 కావాలి. ఇదంతా ఎందుకు? మొదటి పందెంలో ఆశించిన వంద రూపాయల లాభం కోసం.

ఇక టిప్పులు అమ్మేవాళ్ల సంగతి. వెయ్యిమంది మనుషులు ఏమీ తెలియకుండా, మూడింట ఒకటి తగిలే అంచనాలు ఐదు రేసులకు చెప్పారనుకోండి. వాళ్లలో నలుగురికి ఐదూ తగులుతాయి. ఆ నలుగురే రేపు "గురువులు" అవుతారు. మిగతా 996 మంది మీకు కనబడరు. ఇలాంటి గురువుల మాయ మనకు కొత్తా? బాబాల దగ్గరా జ్యోతిష్కుల దగ్గరా మనం వద్దని వదిలేసింది ఇదే కదా. అక్కడ విభూతి, ఇక్కడ పర్సెంటేజీలు.

నిజంగా గెలిచినవాళ్లు లేరా?

ఉన్నారు. దాచాల్సిన పనిలేదు. బిల్ బెంటర్ అనే అమెరికన్ 1980లలో అలన్ వుడ్స్ అనే భాగస్వామితో హాంకాంగ్ వెళ్లి, గుర్రప్పందాలకు కంప్యూటర్ మోడల్ తయారుచేశాడు. ఒక్కో గుర్రం గురించి ఎన్నో అంశాలు అందులో పెట్టాడు. మొదట నష్టపోయాడు. ఏళ్ల తరబడి సరిదిద్దాడు. చివరికి పెద్దఎత్తున గెలిచాడు. 1994లో తన పద్ధతిని ఒక వ్యాసంగా కూడా రాశాడు. అందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. అతని మోడల్ ఒక్కటే చాల్లేదు. జనం పందాల వల్ల ఏర్పడ్డ ధరను కూడా మోడల్‌లో కలిపాకే అది బలపడింది. అంటే అంత తెలివైనవాడు కూడా గుంపు తెలివిని లెక్కలోకి తీసుకోక తప్పలేదు.

కాబట్టి "గెలవడం అసాధ్యం, అందుకే తప్పు" అని మనం చెప్పకూడదు. అలా చెప్తే రేపు ఎవడో ఒకడు గెలిచి చూపిస్తాడు, మన నీతి కూలిపోతుంది. అసలు ప్రశ్న దాని తర్వాతిది. గెలిచినా అది సరైనదేనా?

బెంటర్ గెలిచిన డబ్బు గుర్రాలు ఇవ్వలేదు. ఆకాశం నుంచి రాలేదు. అదే కుప్పలో డబ్బు వేసిన మామూలు మనుషుల నుంచి వచ్చింది. మోడల్ ఉన్నవాడు గెలవాలంటే మోడల్ లేనివాళ్లు వేలమంది ఉండాలి. మలక్‌పేటలోనైనా అంతే. మీ లెక్క ఎంత బాగుంటే, మీ పక్కన క్యూలో నిలబడ్డ ఆటో అన్న జేబులోంచి అంత ఎక్కువ మీ జేబులోకి వస్తుంది. అతను ఇష్టపడే ఇచ్చాడు కదా అంటారా? నిజమే, ఇది దొంగతనం కాదు, రెండో శీలం భంగమైందని నేను అనను. కానీ ఆ అన్న ఓడాలని, తెలివితక్కువగా కాయాలని మీరు మనసులో కోరుకోవాలి. అతను తెలివి తెచ్చుకుని ఇంటికెళ్తే మీకు నష్టం. సాటి మనిషి అజ్ఞానం మీద ఆధారపడ్డ రాబడిని మైత్రి, కరుణలతో కలిపి పట్టుకోవడం సాధ్యమా? ఈ దేశంలో మన తాతలను చదువుకోనివ్వకుండా, వాళ్ల అజ్ఞానం మీద ఎవరు ఎలా బతికారో మనకు తెలుసు. అదే సూత్రాన్ని చిన్న కొలతలో మనం చేతిలోకి తీసుకుందామా?

చట్టం ఏమంటుంది?

మన కుర్రాడు ఇంకో పాయింట్ తెస్తాడు. 1996లో సుప్రీంకోర్టు తమిళనాడుకు చెందిన కె.ఆర్. లక్ష్మణన్ కేసులో గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని చెప్పింది. అంతకుముందు 1968లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే రమ్మీ గురించి కూడా నైపుణ్యమే ఎక్కువని అన్నది. నిజమే. బాబాసాహెబ్ రాజ్యాంగం మీద నిలబడ్డ న్యాయస్థానాన్ని మనం గౌరవిస్తాం.

కానీ కోర్టు అడిగిన ప్రశ్న "ఇది శిక్షించదగ్గ నేరమా?" అన్నది. మన ఉపాసకుడు అడగాల్సింది "ఇది నన్నూ నా ఇంటినీ ఎక్కడికి తీసుకుపోతుంది?" అన్నది. లైసెన్సున్న వైన్ షాపులో మందు కొనడం నేరం కాదు, అయినా ఐదో శీలం తీసుకున్నవాడు కొనడు. చట్టం అట్టడుగు గీత గీస్తుంది. శీలం మనం ఎంత ఎత్తున బతకాలో చెప్తుంది.

లెక్క నేర్పిన కథ, లేచి రమ్మన్న మాట

నలుడి కథ మీ అందరికీ తెలుసు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడు. తర్వాత ఋతుపర్ణుడనే రాజు ఒక చెట్టుకి ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు ఉన్నాయో చూసి లెక్క చెప్పి, ఆ సంఖ్యావిద్యతో పాటు పాచికల రహస్యం కూడా నలుడికి నేర్పుతాడు. దాంతో నలుడు మళ్లీ ఆడి రాజ్యం గెలుచుకుంటాడు. అంకెల విద్యనీ జూదాన్నీ ముడిపెట్టిన పాత కథ ఇది. అక్కడ జూదం రోగానికి మందు ఇంకా బాగా జూదం ఆడటం.

బుద్ధుడు సిగాలుడనే గృహస్థ యువకుడికి చెప్పింది వేరు. సిగాలోవాద సుత్తంలో సంపద కరిగిపోయే ఆరు దారుల్లో జూదం ఒకటి. జూదంలో ఆరు నష్టాలు ఆయన లెక్కపెట్టారు: గెలిస్తే పగ పుడుతుంది, ఓడితే పోయినదాని కోసం ఏడుపు, కళ్లెదుటే ధనం తరుగుతుంది, సభలో మాట చెల్లదు, మిత్రులు చులకన చేస్తారు, కుటుంబాన్ని పోషించలేడని పిల్లనిచ్చేవాళ్లుండరు. గమనించండి. మొదటి నష్టం ఓడినవాడిది కాదు, గెలిచినవాడిది. "లెక్క సరిగ్గా వేసుకుని ఆడు" అని ఆయన అనలేదు. నరకం గురించి కూడా బెదిరించలేదు. ఇంట్లో, వీధిలో, సభలో కంటికి కనబడే ఫలితాలే చెప్పారు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో జూదం అన్న పేరు విడిగా లేదు. అందుకని అది మనకు వర్తించదని వాదించేవాళ్లున్నారు. కానీ అష్టాంగ మార్గం పాటిస్తామన్నది కూడా ఆ ప్రతిజ్ఞల్లోదే. సమ్యక్ ఆజీవం, సమ్యక్ స్మృతి అందులోనే ఉన్నాయి. పందెం కాసినవాడి మనసు ఆ రెండు నిమిషాలు ఎక్కడుంటుంది? ఇంటికొచ్చాక కూతురు స్కూల్లో ఏం జరిగిందో చెప్తుంటే ఎక్కడుంటుంది? రేపటి కార్డు మీద ఉంటుంది. తృష్ణ అంటే అదే. అంకెలు ఆ తృష్ణను తగ్గించవు, దానికి మర్యాదైన చొక్కా తొడుగుతాయి. గెలిస్తే "నా లెక్క" అంటాం. ఓడితే "జాకీ ఆపేశాడు" అంటాం. పరీక్షించుకో అన్న బుద్ధవచనం గుర్రానికే కాదు, ముందు పరీక్షించేవాడి మనసుకు వర్తిస్తుంది.

"వ్యవసాయం కూడా జూదమే కదా" అనే ప్రశ్న మన ఊళ్లలో వస్తుంది. రైతు వానను నమ్ముకుంటాడు, నిజమే. కానీ అతను గింజ పండిస్తాడు. అతను గెలవాలంటే పక్క చేను ఎండక్కర్లేదు. అతని నష్టం బతుకు తెచ్చిపెట్టింది, సరదా కోసం తయారుచేసుకున్నది కాదు. మరి షేర్లు? కంపెనీలో డబ్బు పెట్టి ఏళ్లు ఆగడం ఒకటి, రోజూ ఆప్షన్లలో పైకా కిందకా అని కాయడం ఇంకొకటి. సెబీ 2024 సెప్టెంబర్‌లో చెప్పిన లెక్క ప్రకారం అంతకుముందు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. పేరు మారినంత మాత్రాన పని మారదు.

ఇప్పుడేం చేద్దాం?

మన ఇళ్లలో నెల జీతం అనేది చాలాచోట్ల మొదటి తరం సంగతి. పక్కింటివాడికి తాత పొలం ఉంటుంది, పడిపోతే పట్టుకోడానికి. మనకు ఆ జీతమే పొలం. అది పోతే పడిపోయేది ఒక మనిషి కాదు, చదువుతున్న చెల్లెలు, మందులు వాడుతున్న తల్లి. అందుకే ఇది "నా డబ్బు, నా ఇష్టం" అనే విషయం కాదు.

సిగాలుడికే బుద్ధుడు ఇంకో లెక్క కూడా చెప్పారు. రాబడిని నాలుగు భాగాలు చేయమన్నారు: ఒకటి ఇంటి ఖర్చుకి, రెండు పనికీ పెట్టుబడికీ, ఒకటి కష్టకాలానికి దాచడానికి. అంకెలంటే ఇష్టమున్న కుర్రాడికి ఈ లెక్క ఇవ్వండి. కాస్తున్నవాడైతే ఒక నోట్‌బుక్ పెట్టి, గెలిచినవే కాదు, కాసిన ప్రతి రూపాయీ ఆర్నెల్లపాటు రాయమనండి. సొంత చేతిరాతలో కనబడే మొత్తం కంటే గట్టి ఉపన్యాసం ఉండదు. అప్పు చేసి కాస్తున్నా, దాచిపెడుతున్నా అది తెలివితో ఆగే దశ దాటిందని అర్థం. అప్పుడు తిట్టకండి, నలుగురిలో పరువు తీయకండి. జబ్బు చేసినవాణ్ణి తీసుకెళ్లినట్టు సాయం దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

విహారంలో ఆదివారం వందనం అయ్యాక ఈ విషయం ఒకసారి చర్చకు పెట్టండి. కాసేవాళ్లను బోనులో నిలబెట్టడానికి కాదు. లెక్కలు బాగా వచ్చిన ఆ పిల్లల్నే బోర్డు దగ్గరికి పిలిచి, పదివేలు ఐదు రేసుల్లో ఎంతవుతుందో వాళ్లచేతే వేయించండి. తర్వాత వాళ్లనే మన బస్తీ పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పమని అడగండి. ఆ విద్యతో ఎవరూ ఓడాల్సిన పనిలేదు.

జై భీమ్! నమో బుద్ధాయ!